తొమ్మిదో తేదీ

నేల ఒక పట్టాన ఒప్పుకోలేదు.
ఫిబ్రవరి. గడ్డపార వేస్తే
ఇనుము ఇనుముని కొట్టిన మోత.
నాన్న గోధుమగడ్డి పరిచి, పైన బొగ్గు పోసి,
రేకు కప్పి, ఒక పగలూ రెండు రాత్రులూ మంట పెట్టాడు.
"కుర్రాడి కోసం నేలకి జ్వరం తెప్పించాలి" అన్నాడు.
నాకు ఆరేళ్లు. టీ పట్టుకెళ్లాను.
శ్మశానంలో పొగ చూసి
ఎవరో వంట చేస్తున్నారనుకున్నాను.

అంతకు మూడు రోజుల ముందు
మా సస్కాచెవాన్ ఆకాశంలో
పసుపుపచ్చ శిక్షణ విమానాలు
రోజూ తిరిగినట్టే తిరిగాయి.
అలవాటుపడి కోళ్లు కూడా తలెత్తడం మానేశాయి.
సాయంత్రం నాలుగింటికి ఒకటి
డెమ్చుక్ వాళ్ల మంచు చేలో దిగింది.
దిగిందనే అన్నారు ముందు.

ఇంజిన్ ఆగిపోయిందని రిపోర్టు.
పోస్టాఫీసు పిల్లకి చెయ్యూపబోయి
కిందికొచ్చాడని ఊరు.
నాకు తెలియదు. నేను ఏ పక్షమూ కాదు.
డెమ్చుక్ కోళ్లగూటి కిటికీకి చాన్నాళ్లు
పసుపు గుడ్డముక్క ఒకటి కొట్టి ఉండేది,
అది మాత్రం చూశాను.

ఐవర్ స్ట్రాహన్. పంతొమ్మిది.
న్యూజిలాండ్ అట.
బడిలో గ్లోబు తలకిందులు చేస్తే
అడుగున, టీచరమ్మ వేలికింద, దొరికింది.

యుద్ధమయ్యాక రైల్లో రాయి వచ్చింది.
పేరు, నంబరు, తేదీ, పైన ఒక ఆకు.
ఫెర్న్ ఆకని కాగితంలో ఉంది.
ఈ మైదానంలో దాన్ని చూసిందెవరు?
చేప ముల్లు అనుకున్నాడు నాన్న.
"పాపం, చేపలు పట్టేవాళ్ల పిల్లాడు."

పాస్టరుగారు ఫొటో తీసి వాళ్లమ్మకి పంపారు.
జవాబు మా పేరున వచ్చింది.
ఓస్తాప్ కొవాల్చుక్ గారికి, సమాధులు చూసే ఆయనకి.
నాన్నకి ఇంగ్లీషు చదవడం రాదు.
నేను చదివాను, పదేళ్ల గొంతుతో, తడబడుతూ:

"అయ్యా, రాయి బాగుంది. తేదీ తప్పు.
తొమ్మిది అని చెక్కారు.
తొమ్మిదో తేదీ నేను ఆప్రికాట్లు ఉడికించి
సీసాలకెత్తాను. పద్నాలుగు సీసాలు.
తెల్లవారింది మొదలు దీపం ఆర్పేదాకా
ఆ రోజంతా నా కొడుకు బతికే ఉన్నాడు.
మీకు సాయంత్రం నాలుగైనప్పుడు
మాకు పదో తేదీ పొద్దున పది.
దుప్పట్లు ఆరేస్తున్నాను.
సరిచేయగలరా?
ఎఫీ స్ట్రాహన్."

రెండుసార్లు చదివించుకున్నాడు.
"ఒకటే ఎండ కదా, రెండు తేదీలేమిటి?"
సముద్రం మధ్యలో గీత ఉంటుందని చెప్పాను.
"ఎవరు గీశారు?"
అది మా పుస్తకంలో లేదు.

రాయి సర్కారుది.
అంకె మార్చే అధికారం గోతులు తవ్వేవాడికి ఉండదు.
ఒక రాత్రి ఉలి జేబులో వేసుకుని వెళ్లాడు.
పొద్దున చూశాను, మొనకి రాతిపొడి లేదు.
ఆ రోజే నాచేత జవాబు రాయించాడు.
ఒక్క వాక్యం. దానికి మూడు కాగితాలు చింపాం.
"అమ్మా, ఇక్కడ కూడా పదినే చేస్తాం."

అప్పట్నుంచి తొమ్మిదిన అటు వెళ్లేవాడు కాదు.
మంచు ఆ చేప ముల్లు దాకా పేరుకున్నా సరే.
మర్నాడు పార, చీపురు, ఒక కొవ్వొత్తి.
గాలికి వెలగదు. అయినా తీసుకెళ్లేవాడు.

ఉత్తరాలు ఎప్పుడో ఆగిపోయాయి.
నాన్నకి జూన్‌లో తవ్వాం,
అదే వరసలో, కంచె పక్కన.
ఒక్క పూటలో, మెత్తగా, ఒప్పుకుంది నేల.

ఇప్పుడు పార నాది. మోకాళ్లు కూడా నావే, ఏం చేస్తాం.
ఇవాళ తొమ్మిది.
అందరి దగ్గరా మంచు తీశాను.
అతని ముందు నుంచి మాత్రం
నిద్రపోయే ఇంటి ముందు నడిచినట్టు
చప్పుడు చేయకుండా వచ్చేశాను.

కొట్లో ఆప్రికాట్ సీసా కొన్నాను.
మూత బిగుసుకుపోయింది.
వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టి
నాలుగు దాటేదాకా
దాని పక్కనే కూర్చున్నాను.